పరుపు మీంచి దించమన్న మాట

మా అత్తకు పరుపులు కొనడం మొదలుపెట్టాకే నిద్ర కరువైంది. ఈ మాట మా ఆడబిడ్డ ముందు అంటే ఇవాళ్టికీ గొడవే. ఆమె ముందు అనలేక మింగినవన్నీ ఇక్కడ రాసుకుంటే కాస్త కడుపుబ్బరం తగ్గుతుందని కూర్చున్నాను.

మేముండేది పాల్వంచలో, కంపెనీ క్వార్టర్లో. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. ముందు గది, వెనక గది, వంటిల్లు, అంతే ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషను ఉంటుంది. కాలనీలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు నా చేతి మీదుగా పోతాయి కాబట్టి ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కారో వాళ్లింట్లో వాళ్లకంటే ముందు నాకు తెలుస్తుంది. మా అత్త చిక్కిపోతున్నదని మాత్రం టేపు పెట్టకుండానే తెలిసింది.

అత్తది అడవి అంచు ఊరు. భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి లోపలికి పోవాలి. మామ పోయాక చేను కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేయమంటే, "మీ అగ్గిపెట్టె ఇంట్ల నేనుండ" అన్నది. పత్తి ఏరే రోజుల్లో ట్రాక్టర్ ట్రాలీకి పత్తి నింపుతుంటే, కూలీలకు తొక్కడం చేతకావట్లేదని తనే పైకెక్కింది. కొంగు నడుముకు దోపుకుని తొక్కుతూ తొక్కుతూ అంచుకు వచ్చింది. అంత మెత్తటి దాని మీంచి జారి ఎండిన నేల మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఖమ్మంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, షుగరు చూసి, గుండె చూసి, ఆపరేషన్‌కి ఈ గుండె తట్టుకోదన్నాడు. మంచం మీదే ఉంచండి, కాలు కదలనివ్వకండి, ఎముక దానంతటదే అతికితే అదృష్టం అన్నాడు. మా ఆయన చెవికి "అతికితే" ఒక్కటే పట్టింది. నేను "మంచం మీదే" దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే మా అత్త మంచం మీద పడుకునే మనిషి కాదు.

ఎండాకాలం వాకిట్లో ఇంటిల్లిపాదీ నులక మంచాలు వాల్చుకుంటే ఆమె పక్కన నేల మీద బొంత పరుచుకునేది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి తన చేత్తో కుట్టుకున్న బొంత అది. మా క్వార్టర్‌కి వచ్చినా అంతే. ముందు గదికీ వెనక గదికీ మధ్య గడప పక్కన, వీధి తలుపు గాలి వంటింటి తలుపులోకి పోయే దారిలో, సిమెంటు నేల మీద ఆ బొంత పడేది. "దారికడ్డం పండుకుంటే ఎట్ల అత్తా, కాలు తగుల్తది" అంటే, "నడిసేటోళ్లు సూస్కొని నడవాలె" అని అటు తిరిగి పడుకునేది. మరు నిమిషం గురక.

మా ఇద్దరికీ పడేది కాదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మేమిద్దరం ఒకరికొకరం ఉండి ఆ రెండు పేర్లూ పోగొట్టుకున్నాం. నేను చేసిన పప్పులో ఉప్పెక్కువ, నేను కుట్టిన జాకెట్లో గుడ్డ తక్కువ, ఇదీ ఆమె లెక్క. అయినా ఆమెను ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే తెచ్చారు. కొడుకు ఇల్లు కదా.

మొదట నవారు మంచం వేశాం. నవారు ఎంత బిగించినా మనిషి పడుకుంటే నడుము దగ్గర ఊయల దిగినట్టు దిగుతుంది. విరిగిన తుంటి సరిగ్గా ఆ గుంటలోకి జారేది. రెండో రోజుకే ఆమె పళ్ల బిగువున ఏడవడం చూసి మా ఆయన చెక్కమంచం తెచ్చాడు. దాని మీద నా పెళ్లప్పుడు మా పుట్టింటివాళ్లు పెట్టిన బూరుగుదూది పరుపు వేశాం. దూదేకి ఎన్నేళ్లయిందో, ఎక్కడ చూసినా గడ్డలు. "మీ అమ్మగారింటి పరుపు మీ అమ్మగారిలెక్కనే ఉన్నది, పైకి మెత్తన లోపల ఉండలు" అన్నది అత్త. నొప్పిలో కూడా నోరు తగ్గలేదు. నాకు కోపం రావాల్సింది, కానీ ఆ నోరు ఉన్నంతకాలం ఫర్వాలేదనిపించింది.

గట్టిది కావాలేమో అని మా ఆయన బజారుకి పోయి కొబ్బరిపీచు పరుపు తెచ్చాడు. అది బల్లలా గట్టిగా ఉంటుంది. నడుముకు మంచిదని అందరూ చెప్పారు. నడుము బాగున్నవాళ్లకు మంచిదేమో. మా అత్త ఒంట్లో కండ లేదు, చర్మం కింద ఎముకే. పీచు పరుపు ఆ ఎముకను కింద నుంచి నొక్కేది. పైగా మేం నీళ్లతో ఒళ్లు తుడిచినప్పుడల్లా తడి లోపలికి పోయి, వానలో తడిసిన తాడు వాసన వేసేది.

రాత్రుళ్లు ఆమెకు నిద్ర లేదు, నాకూ లేదు. మా ఆయన నైట్ షిఫ్టులో ఉంటే ఇంట్లో మేమిద్దరమే మేలుకుని ఉండేవాళ్లం. నిద్ర లేకపోతే మనిషికి ముందు తిండి పోతుంది, తర్వాత మాట తప్పుతుంది. నిద్ర మాత్రలు ఎక్కువ వేయకండి, గుండెకు మంచిది కాదని డాక్టరు చెప్పాడు. వేసిన రోజు నిద్ర రాకపోగా మతి తప్పేది. నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలనుకుని చేనుకు నీళ్లు పెట్టి రమ్మని కేకలేసేది. నేను "పెట్టొచ్చిన అక్కా" అనేదాన్ని. ఇంకేమనాలి?

అలాంటి ఒక పగటిపూట, మతి సరిగ్గానే ఉన్నప్పుడు, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"పిల్లా, నన్ను కిందికి దించు. గడప కాడ బొంత ఎయ్యి. ఒక్క కునుకు తీస్త."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మా వైపు దించడం అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రాణం పోయేముందు మనిషిని మంచం మీంచి నేల మీదికి దించుతారు. మంచం మీద పోతే ఇంటికి మంచిది కాదు, పోయినవాళ్లకూ గతి ఉండదంటారు. అందుకే "వాళ్ల అమ్మను దించిన్రంట" అంటే ఇక చూడాలనుకున్నవాళ్లు బయల్దేరాలని అర్థం. ఆ మాట ఎవరి నోట విన్నా అప్పటిదాకా ఉన్న ఆశ వదిలేస్తారు.

"గట్ల అనకు అత్తా" అన్నాను.

"ఎట్ల అనకు? నేను సావనీకి దించమంట లేనే. పండుకోనీకి దించమంటున్న."

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. అతను ఫోన్ తీసుకుని ఖమ్మంలో ఉన్న అక్కకు చేశాడు. ఆమె నాకు ఆడబిడ్డ, అత్తకు పెద్ద బిడ్డ. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదు, వరండాలోకి పోయి అరవాలి. "అక్కా, అమ్మ దించమంటుంది" అని అరిచాడు. అక్కడ ఆమెకు "అమ్మను దించినం" అని వినబడింది. ఇంకేం అడగలేదు, ఫోన్ పెట్టేసింది. ఏడుస్తున్నదేమో, తర్వాత మాట్లాడుతుందిలే అనుకున్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి మా క్వార్టర్ ముందు ఆగింది. ఆడబిడ్డ, ఆమె దారిలో ఊళ్లోకి పోయి ఎక్కించుకొచ్చిన చుట్టాలు, అంతా గేటు దగ్గర నుంచే శోకాలు మొదలుపెట్టారు. ఒకామె చేతిలో తులసాకులు, ఇంకొకామె చేతిలో గోదావరి నీళ్ల సీసా. "అమ్మా, నన్ను ఇడిసి పోతివా" అని ఆడబిడ్డ గుండెలు బాదుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. లోపల అత్త వెనక దిండ్లు పెట్టుకుని నేను తినిపిస్తున్న ఉప్మా తింటోంది.

"ఎవరు పోయిన్రు?" అన్నది కంగారుగా.

తులసాకులు తెచ్చినామె వాటిని కొంగులో దాచుకుంది. అత్తకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టిన తిట్లు పక్క క్వార్టర్ల వాళ్లు తలుపులు తెరిచి విన్నారు. "నిద్ర పట్టక నేను సస్తాంటే మీరు ఏడ్వనీకొచ్చిన్రా? వచ్చిన్రు గదా, తలొక చెయ్యి ఏసి కిందికి దించి పొండ్రి." ఎవరూ చెయ్యి వేయలేదు. అందరికీ నేనే వండి పెట్టాను. తిని, అవమానంతో తలలు దించుకుని జీపెక్కారు.

పోయేముందు ఆడబిడ్డ నన్ను వంటింట్లో నిలబెట్టి హెచ్చరించింది. "ఇగ ఈ ఇంట్ల దించుడు మాట ఇనపడొద్దు. వయసొచ్చిన మనిషి ఏదో అంటది. నువ్వు దాన్ని పట్టుకొని నా తమ్మునికి ఎక్కిస్తున్నవ్." ఆ రోజు నుంచి పొయ్యి మీంచి కూర దించాలన్నా "తీశాను" అనడం అలవాటు చేసుకున్నాను. మాటను ఇంట్లోంచి తరిమేశాం కానీ అత్త అడగడం మానలేదు. నోటితో అనడం మానేసి కంటితో గడప వైపు చూపించేది. నేను చూడనట్టు జాకెట్లకు కాజాలు కుట్టుకునేదాన్ని.

మంచి పరుపు లేకనే అమ్మ అలా అంటున్నదని ఆడబిడ్డ తీర్మానించింది. ఖమ్మం రమ్మని కబురు పెట్టింది. పక్క క్వార్టర్ ఆమెను అత్త దగ్గర కూర్చోబెట్టి మా ఆయనా నేనూ పోయాం. అద్దాల దుకాణం, లోపల ఏసీ, వరసగా పరుపులు. దుకాణం అతను పొడి పొడిగా నవ్వుతూ ఒక్కోదాని గురించి చెప్పాడు. ఇది రబ్బరుపాలతో చేసింది, ఇది లోపల స్ప్రింగులు, ఇది మెమరీ ఫోమ్, ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. "చెప్తే తెలీదమ్మా, పడుకుని చూడాలి" అన్నాడు. ఆడబిడ్డ కూర్చుని ఊగి చూసింది. నన్ను పడుకోమన్నది. మా అత్తదీ నాదీ ఒకటే ఎత్తు.

చెప్పులు విప్పి స్ప్రింగు పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూసుకుని తుంటి దగ్గర ఎలా ఉందో చూద్దామనుకున్నాను. తర్వాత నాకు తెలిసింది మా ఆయన నా భుజం పట్టి కుదుపుతుండటమే. దుకాణం మధ్యలో, నలుగురు కస్టమర్ల ముందు, నోరు తెరుచుకుని నిద్రపోయానట. ఆడబిడ్డ మొహం పక్కకి తిప్పుకుంది. మా ఆయన మాత్రం నా చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అని సామెత. ఆ సామెత చెప్పినవాడికి తుంటి విరగలేదని నా అనుమానం. నాలాంటి అలసిన దానికి ఏ పరుపైనా ఒకటే. నొప్పి ఉన్న మనిషికే ఒక్కో పరుపు ఒక్కో రకం నరకం.

చివరికి ఆ గుర్తుపెట్టుకునేదే కొన్నారు. దాన్ని మంచం మీద పరిచి, నలుగురం పట్టి అత్తను పడుకోబెట్టాం. గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి మా ఆయన సంబరంగా చెప్పాడు.

"నాకే ఏం గుర్తుంటలేదు. దీనికేం గుర్తుంటదిరా?" అన్నది అత్త.

మొదటి రోజు హాయిగానే ఉందన్నది. మా అందరి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఎండలు ముదిరాయి. మా దిక్కు ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఫోమ్ ఒంటి వేడినంతా మింగి మళ్లీ ఒంటికే వడ్డించేది. వీపంతా చెమట, చెమట కింద దద్దుర్లు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి, నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ మెత్తదనంలో మనిషి దిగిపోతుంది. మోచెయ్యి ఆనించి అంగుళం జరుగుదామన్నా మోచెయ్యి కూడా దిగిపోతుంది. బురదలో పడ్డ గేదెలా కొట్టుకునేది. ఎటు తిరగాలన్నా నన్ను పిలవాలి. పిలవడం ఆమెకు చావుతో సమానం. అందుకని పిలవకుండా అలాగే పడుకుని ఉండేది. అలా పడుకున్నందుకు నడుము కింద పుండు పడింది.

పుండు చూసి డాక్టరు గాలి పరుపు వేయమన్నాడు. మెడికల్ షాపులో కిరాయికి దొరికింది. పొంగడాల్లా గాలి బుడగలు, పక్కన ఒక మోటారు. కాసేపు ఈ బుడగలు ఉబ్బి ఆ బుడగలు తగ్గుతాయి, కాసేపయ్యాక అవి ఉబ్బి ఇవి తగ్గుతాయి. ఒకేచోట బరువు పడకుండా చేస్తుంది. పుండుకు అదే మంచిదని ఇప్పుడూ ఒప్పుకుంటాను. పుండు అంచులు నిజంగానే కాస్త ఎండాయి. కానీ కింద ఏదో కదులుతుంటే మనిషికి నిద్రెలా పడుతుంది? "నా కింద ఎవరో పండుకొని పొర్లుతున్నరే" అని అత్త జడుసుకునేది. మోటారు ఆగకుండా బుసకొట్టేది. కరెంటు పోతే మెల్లగా గాలి దిగి చెక్క మీదికి వచ్చేది. ఆమె కళ్లు లోపలికి పోయాయి. నన్ను తిట్టడం మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఉప్పు వేయకుండా పప్పు పెట్టి చూశాను, ఏమైనా అంటుందేమోనని. మాట్లాడకుండా మింగింది.

మర్నాడు మా ఆయన పొద్దుటి షిఫ్టుకు పోయాక పక్క క్వార్టర్ ఆమెను సాయం పిలిచాను. ఎందుకని అడిగింది. చెప్పాను. "నా చేతులతోటి దించను పిల్లా. నాకు పిల్లలున్నరు" అని వెళ్లిపోయింది. తప్పు పట్టను. నేనే గడప దగ్గర నేల తుడిచి, ఊరి నుంచి తెచ్చిన సంచిలో ఉన్న ఆమె బొంత తీసి పరిచాను. మోటారు ఆపాను. దుప్పటితో సహా అత్తను మంచం అంచుకు లాక్కుని, నా రెండు చేతుల మీదికి తీసుకున్నాను. జాకెట్లు కుట్టే చేతులకు కూడా బరువనిపించలేదు. అంత తేలికైపోయిందా అని ఏడుపొచ్చింది. ఆమె నా మెడ పట్టుకుని, "సూస్కొని దించు, నీ ఇల్లు పాడుగాను" అన్నది. ఎన్నాళ్లకు తిట్టింది.

కింద పెట్టగానే అరచెయ్యి నేలకు ఆనించి కాసేపు ఉంచింది. తర్వాత ఆ చేత్తోనే గడప పట్టుకుని, మూలుగుతూ, ఎవరి సాయం లేకుండా, బాగున్న వైపుకు కొంచెం ఒత్తిగిలింది. గట్టి నేల కదా, మోచెయ్యి ఆనింది. మంచమెక్కాక తనంతట తాను కదలడం అదే మొదలు. నేను దిండు సర్దేలోపు గురక మొదలైంది.

మిషను తొక్కితే లేస్తుందని ఆ పూట మిషను ముట్టలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని చేతిపని చేసుకున్నాను. మధ్యాహ్నం దాటాక మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. వీధి తలుపు తీయగానే ఎదురుగా నేల మీద తల్లి కనిపించింది. క్యారేజీ చేతిలోంచి జారింది. బూట్లతోనే లోపలికి ఉరికి, "అమ్మా" అని మోకాళ్ల మీద పడిపోయాడు. నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను.

"పోయిందా?"

"నిద్ర పోయింది. మెల్లగ."

అతనికి అర్థం కావడానికి టైం పట్టింది. అయ్యాక మొహం ఎర్రబడింది. "ఎవర్ని అడిగి దించినవ్? అక్కకు తెలిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ కోస్తది. పట్టు, పైన పండబెడదాం" అని భుజాల కింద చేతులు పెట్టబోయాడు. అత్త కళ్లు తెరవలేదు. తెరవకుండానే, "ముట్టుకున్నవంటే సంపుత" అన్నది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత రోజులు మంచివని చెప్పాలి. ఆమె నిద్రపోయింది. లేచి ఆకలన్నది. పప్పులో ఉప్పెక్కువన్నది. దారికడ్డంగా పడుకుంటే మేం పక్కనుంచి ఒదిగి నడిచాం. ఆడబిడ్డ ఫోన్ చేస్తే మా ఆయన "మంచిగనే ఉంది అక్కా" అని, ఎక్కడుందో చెప్పేవాడు కాదు. కానీ పుండు పెరిగింది. ఒకటి చెప్పి రెండోది దాచను. బొంత ఎన్ని మడతలు వేసినా నేల నేలే. పుండుకు కట్టు మార్చే నర్సమ్మ చూసి, "కింద వద్దమ్మా. లోపలికి పోతాంది. గాలి పరుపు మీదికి ఎక్కించుర్రి" అని గట్టిగా చెప్పింది.

నర్సమ్మ పోయాక, మా ఆయన కూడా ఉన్నప్పుడే, ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అత్తా, పైకెక్కితే పుండు తగ్గొచ్చు. కిందనే ఉంటే పెరుగుతది. పెరిగితే మంచిది కాదు."

"మంచిది కాదంటే? పోతనా?"

"అవ్. పోవచ్చు."

మా ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. అత్త మాత్రం బేరం దగ్గర ఆలోచించినట్టు ఆలోచించింది.

"పైన నిద్ర వస్తదా?"

"రాదు."

"మరింకేంది?" అని, కొడుకు వైపు తిరిగి, "నన్ను పండుకోనియ్యండిరా" అన్నది. ఆజ్ఞలా అనలేదు, బతిమాలినట్టు అన్నది. మా అత్త బతిమాలడం నేను ముందెప్పుడూ వినలేదు. మా ఆయన లేచి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత గాలి పరుపు మోటారు ప్లగ్గు తీసి, వైరు చుట్టి, అటక మీద పెట్టాడు.

జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. డాక్టరు సూదులు రాశాడు, వేయించాం. ఆమె ఎక్కువగా నిద్రలోనే ఉండేది. ఒక పొద్దున టీ పెట్టుకుని పోయి పిలిచాను. పలకలేదు. మంచి నిద్రలో ఉందిలే అని గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచాను. అప్పుడే మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. ఈసారి వాకిట్లోనే బూట్లు విప్పాడు. చప్పుడు కాకుండా, ఆమె మీదికి నీడ కూడా పడకుండా, గోడ వారగా నడిచి లోపలికి వచ్చాడు. టీ చల్లారుతోందని నేను ఆమె చెయ్యి ముట్టుకున్నాను. నేల ఎంత చల్లగా ఉందో చెయ్యి అంత చల్లగా ఉంది.

ఈసారి ఫోన్లో మాట సరిగ్గానే వినబడింది. జీపు మళ్లీ వచ్చింది. ఆడబిడ్డ శోకం పెడుతూ పెడుతూ నడుము కింద పుండు సంగతి ఎవరి ద్వారానో విన్నది. ఎన్నాళ్ల నుంచి కిందే ఉన్నదో పక్క క్వార్టర్ ఆమె చెప్పింది. "బతికి ఉండంగనే దించింది. దించి సంపింది" అని ఆడబిడ్డ అందరి ముందు నా వైపు వేలు పెట్టి చూపించింది. నేను మిషను మీద గుడ్డ కప్పి దాని పక్కన నిలబడ్డాను. ఆమె వెంట అవునన్న నోళ్లే కాసేపయ్యాక, "ఎట్లయితేంది, మంచం మీద పోలే, అదృష్టవంతురాలు" అని కూడా అన్నాయి. రెంటికీ ఒకటే తలలు ఊగాయి.

ఊరికి తీసుకుపోయి అక్కడే కానిచ్చారు. ఆడవాళ్లం ఇంటి దగ్గరే ఆగిపోయాం. బొంత ఆమెతోనే పోయింది.

దినాలు అయ్యాక ఆడబిడ్డ పాల్వంచ వచ్చింది, ట్రాలీ ఆటో వెంటబెట్టుకుని. మనిషి పోయిన పక్క ఇంట్లో ఉంచుకోరు, ఊరి బయట పడేస్తారు. కానీ అత్త పోయింది నేల మీద. పరుపుకు ఏ మైలా అంటలేదు. "మంచి పరుపు, ఊకే పాడైతది" అన్నది ఆడబిడ్డ, ఎటో చూస్తూ. అవునన్నాను. నాకు నవ్వొచ్చింది. మా ఆయనా ఆటో అతనూ కలిసి ఆ గుర్తుపెట్టుకునే పరుపును గడప దాటించారు. దాని మీద అత్త ఎండాకాలమంతా పడి ఉన్నది. ఒక్క గుంట కూడా లేకుండా కొత్తదానిలాగే ఉంది.

ఆటో పోయాక మా ఆయన లోపలికి వచ్చి, గడప దగ్గర బొంత ఉండే చోట, వట్టి సిమెంటు మీద వెల్లకిలా పడుకున్నాడు. నేను మిషను ముందు కూర్చున్నాను. దినాల నుంచి అతను నాతో సరిగ్గా మాట్లాడలేదు. అక్క మాటే అతని మనసులోనూ ఉందేమోనని నా భయం. అడగలేను, అడక్కుండా ఉండలేను.

"చల్లగనే ఉంది" అన్నాడు.

నేను ఊకొట్టాను.

కాసేపటికి, పైకప్పు చూస్తూనే, శ్మశానం సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మోసుకుపోయేటప్పుడు సగం దారిలో పాడె దించుతారు. దింపుడు కళ్లం అంటారు. ఏమో, ప్రాణం ఇంకా ఉండి లేచి వస్తుందేమోనని పోయినవాళ్ల చెవిలో కొడుకు ముమ్మారు పిలవాలి. దింపుడు కళ్లం ఆశ అని మనం మాటవరసకు అంటుంటాం కదా, అదే. పెద్దమనుషులు ఇతన్ని వంగమన్నారు. వంగాడు. అమ్మా అని గట్టిగా పిలువు అన్నారు.

"పిలిచినవా?" అన్నాను.

"చెవి కాడ నోరు పెట్టిన. మొఖం చూసిన. మంచి నిద్రల ఉన్నట్టున్నది." అరచెయ్యి సిమెంటుకు ఆనించాడు. "లేపబుద్ధి కాలే. ఊకే పెదాలు ఆడిచ్చి లేచిన. పిలిచిండు అనుకున్నరు అందరు."

నేను లేచి వీధి తలుపు తెరిచాను. గాలి వంటింటి దాకా పోయింది. అతను ఒత్తిగిలి గడప మీద చెయ్యి వేసి పడుకున్నాడు. వంటింట్లోకి పోవాల్సిన పనుండి, అతన్ని దాటకుండా, గోడ వారగా చూసుకుని నడిచాను.